పడమటి యాంటెనా

"మోటారు ఆపు వసంతా, టీవీలో గీతలొస్తున్నాయి."

పదిహేనేళ్ళ కాపురంలో మావారు యెషయాగారు నాతో ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, ఇదే అని చెబుతాను. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టర్‌కి నీళ్ళు పొద్దున్న అయిదున్నరకి వస్తాయి, ఆరున్నరకి పోతాయి. మాది మూడో అంతస్తు. వాటంతట అవి అంత ఎత్తు ఎక్కవు, సింకు కింద ఉన్న చిన్న మోటారు వేసి లాగాలి. సరిగ్గా ఆ గంటలోనే ఆయనకి దూరదర్శన్‌లో వార్తలు. కేబుల్ పెడితే పిల్ల చదువు చెడుతుందని వద్దన్నారు కాబట్టి మేడమీది యాంటెనాయే దిక్కు. నేను మోటారు వేయగానే వార్తలు చదివే ఆవిడ ముఖం మీద దువ్వెన పళ్ళలా గీతలు పడతాయి. ఆయన కేకేస్తారు, నేను ఆపుతాను. ముఖ్యాంశాలు అయ్యేదాకా ఆగి మళ్ళీ వేస్తాను. ఈలోగా నీళ్ళు పోతాయి. సాయంత్రానికి బకెట్లు ఖాళీ అయితే అది నాకు ముందుచూపు లేకపోవడం కిందికి వస్తుంది.

"ఆకాశాన్ని కొలుస్తుంది గానీ, ఇంటికి సరిపడా నీళ్ళు పట్టడం రాదు మా కోడలికి" అంటారు మా అత్తగారు కాంతమ్మగారు. ఆవిడ మాటలో చమత్కారం ఉంటుంది, నేనూ నవ్వుతాను. నవ్వకపోతే కోపమొచ్చిందంటారు, కోపమొస్తే చదువుకున్న పొగరంటారు. నవ్వడమే తేలిక.

నిజానికి నేను కొలిచేది ఆకాశం కాదు. మన తలలపైన మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున, విద్యుత్తు నిండిన పలచటి గాలిపొర ఒకటి ఉంటుంది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో, పొద్దు గుంకాక ఆ పొర చెదిరిపోతుంది. ఎక్కడికక్కడ మడతలు, గుంటలు పడతాయి. ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో సంకేతం వాటిలోంచి వస్తే, నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుమంటుంది. ఆ మడతలు ఉన్నచోట ఉండవు, తూర్పుకి కదులుతాయి. ఎంత వేగంతో కదులుతున్నాయో తెలియాలంటే నేల మీద రెండు యాంటెనాలు పెట్టాలి, ఒకటి పడమట, ఒకటి తూర్పున, మధ్య నాలుగు వందల మీటర్లు. మా దక్షిణాది స్టేషన్‌లో అలాగే పెట్టారు. ఒకే కాగితం చుట్ట మీద పడమటి యాంటెనా ఎర్ర పెన్నుతో రాస్తుంది, తూర్పుది నీలం పెన్నుతో. ఎరుపులో వచ్చిన వంపే మూడు సెకన్ల తరవాత నీలంలో వస్తుంది. నాలుగు వందల్ని మూడుతో భాగిస్తే మడత వేగం. ఎవరు ముందు చూశారన్నదాన్ని బట్టి దిక్కు. అంతే. చెప్పడానికి ఇంత సులువు. ఏ వంపుకి ఏది జోడో కంటితో పోల్చుకోవడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

ఆ కన్ను నాది. ఢిల్లీలోని మా లాబ్‌లో నా హోదా టెక్నికల్ అసిస్టెంట్. చుట్టలు దక్షిణాది నుంచి పార్సిల్లో వస్తాయి, నేను స్కేలు పెట్టి చదివి అంకెలు తీస్తాను, డాక్టర్ రాజగోపాల్ గారు వాటితో పేపర్లు రాస్తారు. పేపరు చివర, కాగితాలు చదివిపెట్టినందుకు శ్రీమతి వసంతకుమారికి కృతజ్ఞతలని ఒక ముక్క ఉంటుంది. బయటి నుంచి సైంటిస్టులు వచ్చిన రోజు, "వసంతగారూ, సమోసాలు మీరు చూసుకోండి, ఇవి మగవాళ్ళకి తెలియవు" అంటారాయన. అలా సమోసాలు చూసుకుంటూనే, ఎనిమిదేళ్ళ కిందట ఆయన కిందే పీహెచ్‌డీకి నమోదు చేసుకున్నాను. పిల్లకి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒకసారి, మామగారు పోయినప్పుడు ఒకసారి గడువు పొడిగించారు. ఇక పొడిగించరు. రెండువేల నాలుగు జనవరి ముప్పై ఒకటిన సిద్ధాంతగ్రంథం ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే ఎనిమిదేళ్ళూ పోయినట్టు.

ఇచ్చేలాగే ఉన్నాను. అందులో నాలుగో అధ్యాయం నా ప్రాణం. రెండువేల ఒకటి సెప్టెంబరులో వరసగా పదకొండు సాయంత్రాలు మడతలు తూర్పుకి కాకుండా పడమటికి కదిలాయి. నీలం పెన్ను ముందు, ఎర్ర పెన్ను మూడు సెకన్లు తరవాత. అలా వరసగా పదకొండు రోజులు ఎవరూ చూడలేదని రాజగోపాల్ గారు పొంగిపోయారు. ఈసారి పేపర్లో నా పేరు కృతజ్ఞతల్లో కాదు, తన పేరు పక్కనే పైన ఉంటుందని మాటిచ్చారు. ఆ మాట విన్నరోజు ఇంటికి మామూలు కంటే ఒక బస్సు ముందే వచ్చి, అడగకుండానే అందరికీ బొబ్బట్లు చేశాను. నా సంతోషాన్ని కూడా పొయ్యి దగ్గరే ఖర్చుపెట్టానన్నమాట.

మా ఇంట్లో వాళ్ళూ సంతోషించారు, వాళ్ళ పద్ధతిలో. చర్చిలో ఆరాధన అయ్యాక అందరితో "మా ఆవిడ డాక్టరవుతోందండీ, మందులిచ్చే డాక్టరు కాదనుకోండి" అని మావారు నవ్వించేవారు. "మా రోజుల్లో ఆడాళ్ళు ఆకాశంకేసి చూసేది ఒడియాలు ఎండుతాయో లేదోనని" అనేవారు అత్తగారు.

జనవరి రెండో వారంలో ఒక ఉదయం, చలికి చేతులు కొంకర్లు పోతుంటే మోటారు వేశాను. కేక వినబడింది. ఆపాను. గీతలు పోయాయా అని వంటింటి గుమ్మంలోంచి టీవీకేసి చూశాను. పోయాయి. ఎందుకో మళ్ళీ వేశాను, గీతలు వచ్చాయి. మళ్ళీ ఆపాను.

"ఏంటే, ఆటలాడుతున్నావా?" అన్నారాయన.

నా చూపు టీవీ మీదే ఉంది. ఆ దువ్వెన పళ్ళు నాకు బాగా తెలుసు. వాటిని రోజూ చుట్టల మీద చూస్తాను. రాత్రి తొమ్మిదవగానే ఎర్ర పెన్ను మీద సన్నగా, దట్టంగా పడతాయి. స్కేలుకి అడ్డం కాబట్టి వాటిని వదిలేసి మిగతాది చదువుతాను. ఎర్ర పెన్ను మీదే పడతాయి, నీలం మీద ఎప్పుడూ పడవు. ఎందుకు పడవో తెలిసినదాన్ని మా లాబ్‌లో నేనొక్కదాన్నే.

తొంభై ఏడులో నాలుగు రోజులు ఆ స్టేషన్‌కి వెళ్ళాను, ఉద్యోగంలో చేరాక అదొక్కసారే. ఆ నాలుగు రోజుల కోసం పప్పు, పులుసు, కూరలు వండి, డబ్బాల మీద వారాల పేర్లు రాసి ఫ్రిజ్‌లో పెట్టి మరీ వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ కనకయ్య నాకు టీ కాచి ఇచ్చాడు. పెళ్ళయ్యాక ఒక మగవాడు కాచిన టీ తాగడం అదే మొదలు. తూర్పు యాంటెనా నుంచి పడమటి యాంటెనా దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పడమటిదాని పక్కనే ఒక రైతు మోటారు కొట్టం ఉంది. "తొమ్మిదింటికి పొలాలకి కరెంటిస్తారు మేడమ్. ఆ స్టార్టరు పాతది, నిప్పులు కక్కుద్ది. మన ఎర్ర పెన్ను ఎగిరెగిరి పడుద్ది" అన్నాడు కనకయ్య. నేనక్కడ ఎంత సంతోషంగా ఉన్నానో ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక్కడ సంతోషంగా లేనని చెప్పినట్టవుతుందని భయం.

ఆరోజు లాబ్‌కి వెళ్ళగానే, సంచి కూడా దించకుండా ఆ పదకొండు చుట్టలూ విప్పాను. తొమ్మిది గంటల దగ్గర దువ్వెన పళ్ళు నీలం పెన్ను మీద ఉన్నాయి. పదకొండింటిలోనూ అంతే. అంతకు ముందు రోజు చుట్టలో ఎరుపు మీద, పన్నెండో రోజు మళ్ళీ ఎరుపు మీద. మోటారు కొట్టం లేచి నాలుగు వందల మీటర్లు నడిచి వెళ్ళదు కదా. రెండేళ్ళుగా వాటిని అడ్డమని తోసేస్తూ వచ్చాను, ఒక్కసారీ రంగు చూడలేదు.

కనకయ్యకి ఫోన్ చేశాను. ఆ పదకొండు రోజుల్లో మొదటిది, సెప్టెంబరు పద్దెనిమిదిన ఏం జరిగిందని అడిగాను.

"పిడుగు పడింది మేడమ్. కేబుళ్ళు రెండూ ఊడదీసి మళ్ళీ పెట్టా. రెండూ నల్లయ్యే, గుర్తుల కాగితాలు తడిసి ఊడిపోయినై. తిరగేసి పెట్టినట్టున్నా. నెలాఖర్లో చూసుకుని సరిచేశా."

"లాగ్‌బుక్‌లో ఎందుకు రాయలేదు కనకయ్యా?"

"సారు తిడతారని భయపడ్డా మేడమ్. నష్టమేం లేదులే అనుకున్నా."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. తిడతారని భయపడి రాయకుండా దాచుకున్నవి నాకూ ఉన్నాయి.

రాజగోపాల్ గారు అంతా విని, కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. చెడ్డవాడు కాదాయన. "ఇప్పుడా చెప్పడం వసంతగారూ? గడువుకి పదిహేడు రోజుల ముందు?" అన్నారు. ఆ పదకొండు రోజులూ తీసేస్తే నాలుగో అధ్యాయం లేదు, అది లేకపోతే కొత్తగా చెప్పిందేమిటని కమిటీ తిప్పికొడుతుంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తలుపుకేసి చూసి, గొంతు తగ్గించారు. "ఆ చుట్టలు మీరు తప్ప ఎవరూ విప్పరు. పరీక్షకులు చూసేది అంకెలే. నేను మిమ్మల్ని ఏమీ చెయ్యమనడం లేదు. శుక్రవారం దాకా ఆలోచించుకోండి." వస్తుంటే వెనకనుంచి, "పేపరు మాత్రం నేను ఆపుకుంటాలెండి, నా పేరు పోతుంది" అన్నారు. ఆయన పేరు ఆయన కాపాడుకున్నారు. నా పేరు సంగతి నాకు వదిలేశారు.

ఇంట్లో చెప్పాను. అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపి యెషయాగారు నన్ను చూశారు. "నువ్వొక్కదానివే కదా చూసింది?"

"అవునండి."

"చూడలేదనుకో మరి."

ఆయన అది కఠినంగా అనలేదు. నాకు మేలు చేస్తున్నట్టే అన్నారు. అందుకే నేను కంచం పక్కకి జరిపాను. ఈ ఇంట్లో చూడలేదనుకున్నవి ఎన్నో. నేను పంపిన పుట్టినరోజు బహుమతి ఆడపడుచు చేతికి వెళ్ళేసరికి అన్నయ్య పంపినదైపోవడం. మామగారి ఆఖరి మూడు నెలలు నేను సెలవు పెట్టి చేసిన సేవ, సంతాపసభలో "కొడుకూ కూతురూ కంటికి రెప్పలా చూసుకున్నారు" అయిపోవడం. వాటిని చూడలేదనుకోవడం నాకు కష్టం కాలేదు. చుట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతకాలేదు. పదహారేళ్ళుగా నేను అబద్ధమాడని చోటు అదొక్కటే. దాన్ని కూడా పోగొట్టుకుంటే డాక్టరైనా నాకు మిగిలేదేమీ లేదు.

గురువారం మధ్యాహ్నం పదకొండు చుట్టల మీదా పెన్సిలుతో రాశాను. 'కేబుళ్ళు తారుమారు. ఎరుపు తూర్పు యాంటెనాది, నీలం పడమటిది. అంకెలు సరైనవే, దిక్కు మాత్రం మార్చి చదవాలి.' కింద సంతకం, తేదీ. చివరి చుట్ట మడిచి గుడ్డసంచిలో పెట్టాక బాత్రూంకి వెళ్ళి, కుళాయి తిప్పి, బాగా ఏడ్చాను. ఎనిమిదేళ్ళు. పిల్ల నిద్రపోయాక, అంట్లు కడిగాక, ఆదివారాలు పొద్దుటి చర్చికీ సాయంత్రపు చర్చికీ మధ్య దొంగిలించుకున్న ఎనిమిదేళ్ళు. ఆ పదకొండు సాయంత్రాల్లోనూ మడతలు ఎప్పటిలాగే తూర్పుకే కదిలాయి. ఎవరికీ తెలియని సంగతి నేనొకటి కనుక్కున్నాననుకున్నాను. కనుక్కోలేదు.

రిజిస్ట్రేషన్ వదులుకుంటున్నట్టు ఉత్తరం రాయాలంటే పాత నంబరు కావాలి. శనివారం అల్మారాలోంచి ఫైళ్ళు దించి మంచం మీద పరిచాను. నా కూతురు అనుగ్రహకి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది హిందీలో. పక్కన బోర్లా పడుకుని కాగితాలు తిరగేస్తోంది. ఒక పసుపుపచ్చ కాగితం తీసి, ఇది నీదా, ఇందులో ఎనభై ఏడని ఉందేమిటని అడిగింది.

"మమ్మీ, యే ఆప్‌కా హై? ఇస్‌మే ఎయిటీ సెవెన్ లిఖా హై."

మా లాబ్ ఇచ్చిన ధ్రువపత్రం కార్బన్ కాపీ. టైపు చేసింది కూడా నేనే. శ్రీమతి వసంతకుమారి 1987 ఆగస్టు మూడు నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు, భర్త బదిలీ నిమిత్తం ఈ పత్రం ఇవ్వడమైనది. వెనక యెషయాగారు హైదరాబాద్ నుంచి రాసిన ఉత్తరం పిన్ను చేసి ఉంది. 'నువ్వు అక్కడున్నావు కాబట్టి భార్య ఉన్నచోటికి అనే రూలు కింద నాకు ఢిల్లీ వస్తుంది. ఎలాగైనా ఆ కాగితం సంపాదించి మా మినిస్ట్రీలో ఇచ్చిరా, నీకు పుణ్యముంటుంది.' ఆ కాగితం పట్టుకుని ఎండలో మూడుసార్లు తిరిగాను. కుర్చీలో మనిషి లేడని రెండుసార్లు తిప్పి పంపారు.

"పాపా తో నైంటీ మే ఆయే థే న?" అంది అనుగ్రహ, నాన్న వచ్చింది తొంభైలో కదా అని వేళ్ళు లెక్కపెడుతూ. "తో పెహలే ఆప్ ఆయీ థీ?"

"వెళ్ళి చదువుకో" అన్నాను.

ముందు నువ్వా వచ్చావని ఒక పిల్ల అడిగితే అవుననడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే మా ఇంట్లో కథ అలా ఉండదు. 'నేను తీసుకురాబట్టి ఢిల్లీ మొహం చూశావు' అంటారాయన. 'మా వాడి ధర్మమా అని రాజధానిలో ఉద్యోగం' అంటారు అత్తగారు. అంతదాకా ఎందుకు, కింది ఇంటి ఆంటీ అడిగితే, మావారి ఉద్యోగం వల్ల వచ్చామని నేనే చెబుతాను. ఇరవై మూడేళ్ళప్పుడు, పెళ్ళికి ముందే, ఒక ట్రంకుపెట్టె, ఒక చిరునామా పట్టుకుని ఒంటరిగా రైలు దిగి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో వర్కింగ్ విమెన్స్ హాస్టల్ వెతుక్కున్న పిల్ల సంగతి నేనే మరిచిపోయాను. ఎప్పుడు తారుమారైందో తెలియదు. ఏ లాగ్‌బుక్‌లోనూ రాసి లేదు. ఆ పత్రం మీద పెన్సిలుతో రాసేందుకు కూడా ఏమీ లేదు, అందులో తేదీలు సరిగ్గానే ఉన్నాయి.

మర్నాడు ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. కొత్త సంవత్సరంలో ఒక్కో వారం ఒక్కో ఇంట్లో పెట్టుకుంటాం. పాటలు, వాక్యం అయ్యాక ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్పాలి, దేవుడు తమకేం చేశాడో ఉన్నదున్నట్టు. ప్రతి ఏడూ ఆయన చెబుతారు, నేను వంటింట్లో టీ కాస్తుంటాను. ముందుగదిలో కుర్చీలు చాలక చాపలు వేశాం. ఇరవై మంది దాకా వచ్చారు, సగంమంది ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి వచ్చిన నర్సులు.

ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. "దేవుడు నన్ను చిన్న గుమాస్తా ఉద్యోగంలోంచి లేపి ఢిల్లీకి నడిపించాడు. నా వెంట నా భార్యను తీసుకొచ్చాను. ఆమెకూ ఇక్కడ పని చూపించాడు." ఏటా ఇవే మాటలు, ఇదే వరస. ఈసారి ఇంకొకటి చేర్చారు. "మా ఆవిడ పెద్ద చదువు చదవాలనుకుంది. అది దేవుని చిత్తం కాలేదు. ఆడవాళ్ళకి ఇల్లే మొదటి పరిచర్య అని ఆయన మాకు నేర్పించాడు." అందరూ ఆమెన్ అన్నారు. మా అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

గిన్నెలో టీ పొంగింది. పొయ్యి కట్టేసి, పొంగింది తుడవకుండా నిలబడిపోయాను. పోయిన చదువు గురించి నేను దేవుడిమీదికి ఏమీ నెట్టలేదు. ఒక నల్ల కేబుల్, ఒక పిడుగు, ఒక పెన్సిలు, నా సంతకం. నా ఎనిమిదేళ్ళని నా చేతులతో నేనే కొట్టేసుకున్నాను, ఎందుకు కొట్టేశానో నాకు తెలుసు. దాన్ని కూడా ఎవరో నాకు నేర్పిన పాఠంగా మార్చేస్తే, ఈ ఇంట్లో ఇక నాదని చెప్పుకోవడానికి ఏముంది?

"ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు పాస్టర్ గారు. ఆ ప్రశ్న మర్యాదకి అడిగేదే. అడిగి, ఒక్క క్షణమాగి, ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకుంటారు.

నేను తడిచేతులు కొంగుకి తుడుచుకుని, కొంగు తలమీద కప్పుకుని గుమ్మంలోకి వచ్చాను. "నేను చెబుతానండి అయ్యగారూ" అన్నాను. మూయబోయిన కళ్ళు తెరిచారాయన. "టీ చల్లారిపోతుంది వసంతా" అన్నారు మావారు మెల్లిగా, నవ్వుతూనే. చాపమీద కూర్చున్న అనుగ్రహ తలెత్తి చూసింది.

నేను దానికేసి చూస్తూ చెప్పాను.

"ఢిల్లీకి ముందు వచ్చింది నేను. ఈయన రెండేళ్ళ ఏడు నెలల తరవాత వచ్చారు."